లక్కీ బ్యాంబూ: వారానికో పది నిమిషాలు చాలు.. మొక్క పచ్చగా, ఇల్లు దోమల్లేకుండా!

గృహప్రవేశానికి వెళ్తే చేతిలో ఒక లక్కీ బ్యాంబూ. కొత్త షాపు ఓపెనింగ్ అంటే కౌంటర్ మీద ఒక లక్కీ బ్యాంబూ. పుట్టినరోజు గిఫ్ట్‌గానూ అదే. మట్టి అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు, గాజు గిన్నెలో నాలుగు గులకరాళ్లు వేసి నీళ్లు పోస్తే చాలు.. అందుకే గోదావరి జిల్లాల్లో ఇప్పుడు చాలా ఇళ్లలో టీవీ పక్కనో, హాల్లో టీపాయ్ మీదో ఈ మొక్క కనిపిస్తోంది.

కానీ నాలుగైదు నెలలు తిరిగేసరికి చాలామందిది ఒకటే కంప్లయింట్. ఆకుల కొసలు ఎండిపోతున్నాయి, కాడ పసుపెక్కింది, గిన్నెలోంచి వాసన వస్తోంది. "అదృష్టం మొక్క చచ్చిపోతే ఏమన్నా కీడా?" అని కంగారు పడేవాళ్లూ ఉన్నారు. కీడు సంగతి పక్కన పెడితే అసలు సమస్య ఆ గిన్నెలోని నీళ్లలోనే ఉంది. పట్టించుకోకుండా వదిలేసిన ఆ నీళ్లు మొక్కనే కాదు, ఇంట్లోవాళ్లనూ ఇబ్బంది పెడతాయి. డెంగీని మోసుకొచ్చే దోమ గుడ్లు పెట్టడానికి వెతుక్కునేది సరిగ్గా ఇలాంటి నీళ్లనే.

ఈ రెండు సమస్యలకూ మందు ఒక్కటే. వారానికోసారి పది నిమిషాల పని. అదేంటో, ఎలా చేయాలో చూద్దాం.

పేరుకే బ్యాంబూ.. అసలు వెదురే కాదు!

పేరులో బ్యాంబూ ఉన్నా దీనికి, మన వెదురుకు చుట్టరికమే లేదు. వెదురు గడ్డి జాతికి చెందినది. లక్కీ బ్యాంబూ డ్రసీనా జాతి మొక్క. శాస్త్రీయ నామం డ్రసీనా శాండరియానా. జర్మనీలో పుట్టి ఇంగ్లండ్‌లో ఆర్కిడ్ మొక్కల వ్యాపారంతో పేరు తెచ్చుకున్న హెన్రీ ఫ్రెడరిక్ కాన్రాడ్ శాండర్ పేరు మీద ఆ పేరు వచ్చింది. మొక్క సొంతూరు చైనా కూడా కాదు. కామెరూన్ వంటి మధ్య ఆఫ్రికా దేశాల అడవులు. అక్కడ పెద్ద చెట్ల నీడలో, తేమలో పెరుగుతుంది.

ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే సగం పెంపకం తెలిసినట్టే. నీడలో పుట్టిన మొక్క కాబట్టి నేరుగా ఎండ తగిలితే తట్టుకోలేదు. తేమలో పుట్టింది కాబట్టి నీళ్లలో బతుకుతుంది. కానీ అడవిలో దానికి దొరికేది వాన నీరు. ఉప్పు, క్లోరిన్ ఉన్న నీళ్లు దానికి పడవు.

మరి అదృష్టం సంగతేంటి? అది చైనా నమ్మకం. ఫెంగ్ షూయి ప్రకారం 3 కాడలు ఉంటే సంతోషం, 8 ఉంటే సంపద అంటారు. 4 కాడలు మాత్రం పెట్టరు. చైనా భాషలో నాలుగు అనే మాట, చావు అనే మాట దాదాపు ఒకేలా పలుకుతాయి. అందుకే ఆ లెక్క. అంతకుమించి మొక్క ఆరోగ్యానికి, కాడల సంఖ్యకు సంబంధం లేదు. ఒక్క కాడ ఉన్నా బతుకుతుంది. మెలి తిరిగిన కాడలు కూడా పుట్టుకతో వచ్చినవి కావు. మొక్క వెలుతురు వైపు వంగుతుంది కాబట్టి, నర్సరీల్లో దాన్ని నెలల తరబడి కొంచెం కొంచెం తిప్పుతూ అలా పెంచుతారు.

కడియంలో కొనేటప్పుడు ఇవి చూడండి

గోదావరి జిల్లాల వాళ్లకు మొక్క అనగానే గుర్తొచ్చేది కడియం. రాజమహేంద్రవరం నుంచి 16వ నంబర్ జాతీయ రహదారి మీద రావులపాలెం వైపు వెళ్తుంటే వేమగిరి దాటాక రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే. కడియపులంక, బుర్రిలంక, జేగురుపాడు, దుళ్ల.. ఊళ్లకు ఊళ్లే మొక్కల మీద బతుకుతున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువల్లో పారిన నీళ్లు, ఏటి ఒండ్రు మట్టి కలిసి ఈ ప్రాంతాన్ని ఇలా మార్చాయి.

లక్కీ బ్యాంబూ ఎక్కడ కొన్నా సరే, చేతిలోకి తీసుకుని నాలుగు విషయాలు చూడండి.

* కాడ గట్టిగా ఉండాలి. వేలితో నొక్కితే మెత్తగా అనిపిస్తే వదిలేయండి.
* కాడ మొత్తం ఒకే పచ్చ రంగులో ఉండాలి. కింద ఒక కణుపు దగ్గర పసుపు మొదలైనా కొనొద్దు. అది పైకి పాకుతుంది.
* వేర్లు ఎర్రగా, నారింజ రంగులో ఉంటే భయపడకండి. ఈ మొక్క ఆరోగ్యంగా ఉంటే వేర్లు అలాగే ఉంటాయి. నల్లగా, జిగురుగా ఉంటేనే కుళ్లినట్టు.
* గిన్నెలోని నీళ్లను వెలుతురుకు పెట్టి చూడండి. సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తే అవి దోమ పిల్లలు. ఆ నీళ్లను ఇంటికి తేవద్దు. అక్కడే పారబోసి, వేర్లు కడిగించి తీసుకోండి.

గిన్నెలో నీళ్లు.. దోమకు పుట్టిల్లు

చాలామంది అనుకునేది, దోమలు మురుగు కాలువల్లోనే పుడతాయని. కొన్ని రకాల దోమల విషయంలో అది నిజమే. కానీ డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ దోమ తీరు వేరు. కాళ్ల మీద తెల్లచారలుండే ఈ దోమ పగలే కుడుతుంది. గుడ్లు పెట్టడానికి మంచినీళ్లనే ఎంచుకుంటుంది. కూలర్, పూలకుండీ కింద పళ్లెం, ఫ్రిజ్ వెనక ట్రే, పాత టైరు, కొబ్బరి చిప్ప.. వాటితో పాటు లక్కీ బ్యాంబూ గిన్నె.

ఇది కేవలం అనుమానం కాదు. ప్రపంచం ఇప్పటికే చూసిన సంగతి. 2001లో దక్షిణ చైనా నుంచి ఓడల్లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ రేవుకు లక్కీ బ్యాంబూ కంటెయినర్లు వచ్చాయి. అంతకుముందు ఈ మొక్కలను విమానాల్లో నీళ్లు లేకుండా పంపేవారు. గిరాకీ పెరిగాక ఓడల్లో, నిల్వ నీళ్లలో నిలబెట్టి పంపడం మొదలుపెట్టారు. ఆ నీళ్లలో ఏషియన్ టైగర్ దోమ, అంటే ఏడిస్ ఆల్బోపిక్టస్, సముద్రం దాటేసింది. దాంతో నీళ్లలో ఉంచిన లక్కీ బ్యాంబూ దిగుమతి మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. 2005లో నెదర్లాండ్స్‌లోనూ లక్కీ బ్యాంబూ పెంచే గ్రీన్‌హౌస్‌లలో ఇదే దోమ దొరికింది.

కంటెయినర్‌లో జరిగింది మన హాల్లో జరగడానికి పెద్ద కష్టం ఏమీ లేదు. మన వాతావరణంలో గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం నుంచి పది రోజులు చాలు. అందుకే నీళ్లను వారం దాటనివ్వకూడదు.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నీళ్లు తగ్గాయని పైనుంచి కొత్త నీళ్లు కలిపేస్తారు. లేదా పాత నీళ్లు పారబోసి వెంటనే కొత్తవి పోసేస్తారు. రెండూ సరిపోవు. ఏడిస్ దోమ గుడ్లను నీటి మట్టానికి కాస్త పైన, గిన్నె గోడకు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. అంటే నీళ్లు మార్చడం సగం పనే. గిన్నె లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్దడం మిగతా సగం.

శుక్రవారం చేయాల్సింది ఇదే

దోమల నివారణ కోసం ఆరోగ్య శాఖ సిబ్బంది ఊళ్లలో 'ఫ్రైడే డ్రైడే' పేరుతో నీటి నిల్వలు ఖాళీ చేయించడం చాలామందికి తెలిసిందే. లక్కీ బ్యాంబూ పనిని కూడా అదే రోజుకు పెట్టుకుంటే మర్చిపోరు.

1. ముందు రోజు రాత్రే ఒక గిన్నెలో నీళ్లు పట్టి, పైన పలుచటి గుడ్డ కప్పి ఉంచండి. తెల్లారేసరికి నీళ్లలోని క్లోరిన్ చాలావరకు పోతుంది. నీళ్లు గది వేడికి వస్తాయి.
2. మొక్కను జాగ్రత్తగా బయటికి తీయండి. పాత నీళ్లను సింకులోనో, కాలువలోనో పోయకండి. ఎండ తగిలే పొడి నేల మీద పారబోయండి. పిల్ల పురుగులుంటే అక్కడే చచ్చిపోతాయి.
3. వేర్లను పారే నీటి కింద మెల్లగా కడగండి. నల్లబడి మెత్తగా ఉన్న వేర్లను శుభ్రమైన కత్తెరతో కత్తిరించండి.
4. గులకరాళ్లను వేరే గిన్నెలో వేసి, బియ్యం కడిగినట్టు రెండు మూడు సార్లు కడగండి. పాచి పట్టి ఉంటే వేడినీళ్లు పోసి తీయండి.
5. గిన్నె లోపలి గోడను, ముఖ్యంగా నీటి గీత ఉన్న చోట, పీచుతో రుద్దండి. సబ్బు వాడితే ఆ వాసన పోయేదాకా కడగాలి.
6. మొక్కను పెట్టి వేర్లు మునిగేంత వరకే నీళ్లు పోయండి. చిన్న కాడలకు రెండు అంగుళాలు చాలు. కాడ సగందాకా ముంచితే ఆ భాగం కుళ్లుతుంది.

పని అయిపోయినట్టే. ఇంకా భయం ఉంటే దోమతెర గుడ్డ ముక్కను కాడల చుట్టూ గిన్నె మూతికి కట్టేయండి. అదే చేత్తో కుండీల కింద పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే కూడా ఖాళీ చేస్తే ఆ వారానికి నిశ్చింత.

కొంతమంది దోమలు రాకుండా గిన్నెలో నూనె చుక్కలు వేస్తారు. దోమ పిల్లలు చస్తాయి నిజమే. కానీ వేర్లకు గాలి అందక మొక్క కూడా దెబ్బతింటుంది. నీళ్లు మార్చుకోవడమే మేలు.

ఏ నీళ్లు పోయాలి? డెల్టాలో అసలు ప్రశ్న ఇదే

చుట్టూ గోదారి ఉన్నా అన్ని ఊళ్ల నీళ్లూ ఒకటి కాదు. మొక్క ఆకు కొస చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది.

*కుళాయి నీళ్లు:* రాజమహేంద్రవరం లాంటి పట్టణాల్లో శుద్ధి చేసిన నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. రాత్రంతా మూత లేకుండా, గుడ్డ కప్పి ఉంచి వాడితే సరిపోతుంది.

*బోరు నీళ్లు:* సముద్రం వైపు వెళ్లేకొద్దీ, అంటే నరసాపురం, మొగల్తూరు, సఖినేటిపల్లి, అంతర్వేది ప్రాంతాల్లో భూగర్భ జలాల్లో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లు పోస్తే ఆకుల కొసలు గోధుమ రంగులోకి మారి ఎండిపోతాయి. గాజు గిన్నె మీద తెల్లటి గీత పడుతుంది. ఇంట్లో నీళ్లు కాచే గిన్నెకు తెల్లటి పొర పడుతుంటే ఆ నీళ్లు ఈ మొక్కకు వద్దు. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లతోనూ ఆకు కొసలు ఇలాగే మాడతాయి. మరిగిస్తే ఉప్పు, ఫ్లోరైడ్ పోతాయనుకోవడం పొరపాటు. నీళ్లు ఆవిరై అవి ఇంకా చిక్కబడతాయి.

*ఆర్వో నీళ్లు:* ఉప్పు బెడద ఉన్న చోట ఇవే మంచివి. కానీ ఒక హెచ్చరిక. ఆర్వో మెషిన్ నుంచి పైపులో బయటికి పోయే నీళ్లను వృథా ఎందుకని మొక్కలకు పోస్తుంటారు. ఉప్పంతా చేరేది ఆ నీళ్లలోనే. లక్కీ బ్యాంబూకు ఎట్టి పరిస్థితుల్లోనూ పోయొద్దు.

*వాన నీళ్లు:* అన్నింటికన్నా ఉత్తమం. జూన్ నుంచి అక్టోబర్ దాకా డెల్టాలో వానలకు కొదవ ఉండదు. మొదటి పది నిమిషాల వాన వదిలేసి, తర్వాత పట్టుకోండి. నిల్వ చేస్తే మాత్రం గట్టి మూత ఉండాలి. లేదంటే దోమను పోగొట్టబోయి డ్రమ్ములో పెంచినట్టే.

*చెరువు నీళ్లు:* చేపల, రొయ్యల చెరువుల నీళ్లు అసలే వద్దు. ఉప్పు, మేత వ్యర్థాలు, నాచు అన్నీ ఉంటాయి.

వెలుతురు, వేడి, ఎరువు

పేపరు చదువుకునేంత వెలుతురు ఉండే చోటు చాలు. కిటికీకి రెండు మూడు అడుగుల దూరం సరిగ్గా సరిపోతుంది. గ్లాసు గిన్నెకు నేరుగా ఎండ తగిలితే రెండు నష్టాలు. ఆకులు మాడతాయి, నీళ్లలో పాచి పెరుగుతుంది. పాచి ఎక్కువగా వస్తుంటే గాజు గిన్నె మార్చి పింగాణీది పెట్టండి.

రోహిణి కార్తెలో రాజమహేంద్రవరం లాంటి చోట్ల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో గిన్నెలో నీళ్లు వేడెక్కి వేర్లు ఉడికినట్టవుతాయి. పడమటి గోడ పక్కన, డాబా కింద గదిలో ఉంటే మార్చేయండి. నీళ్లు వారానికి రెండుసార్లు మార్చడం మంచిది. ఏసీ గాలి నేరుగా తగిలేలా కూడా పెట్టొద్దు. ఆకులు ఎండిపోతాయి.

ఎరువు విషయంలో చెయ్యి బిగించాలి. నీళ్లలో కలిపే ఎరువు ఏదైనా, ప్యాకెట్ మీద చెప్పినదాంట్లో పదో వంతు, అదీ రెండు నెలలకోసారి చాలు. పాలు, టీ డికాక్షన్, బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలో పోయొద్దు. మట్టిలో ఉన్న మొక్కకు అవి పనికొస్తాయేమో కానీ, గిన్నెలో పోస్తే పులిసి వాసన వస్తుంది.

మొక్క ఇలా ఉంటే.. అసలు కారణం ఇది

*ఆకు కొస మాత్రమే గోధుమ రంగు:* నీళ్లలో ఉప్పు, క్లోరిన్ లేదా ఫ్లోరైడ్. నీళ్లు మార్చి చూడండి. మాడిన కొసను ఆకు ఆకారంలోనే కత్తిరిస్తే సరిపోతుంది.

*కింది ఆకు ఒకటి రెండు పసుపెక్కడం:* ముదిరిన ఆకు రాలడం మామూలే. తీసేయండి.

*ఆకులన్నీ పాలిపోవడం:* ఎండ ఎక్కువైంది, లేదా ఎరువు ఎక్కువైంది.

*కొత్త ఆకులు చిన్నగా, కాడ సాగినట్టు:* వెలుతురు చాలడం లేదు.

*కాడే పసుపెక్కి మెత్తబడటం:* ఇది ప్రమాదం. కుళ్లు మొదలైంది. ఆ కాడ మళ్లీ పచ్చబడదు. వెంటనే తీసేయాలి. లేదంటే అదే నీళ్లలో ఉన్న మిగతా కాడలకూ పాకుతుంది. మిగిలిన వాటిని కడిగి కొత్త నీళ్లలో పెట్టండి.

కాడ అడుగు మాత్రమే కుళ్లి, పైన పచ్చగా ఉంటే మొక్కను కాపాడుకోవచ్చు. పచ్చటి భాగంలో, కణుపుకు కొంచెం కింద, శుభ్రమైన చాకుతో కత్తిరించండి. ఆ పైముక్కను మంచి నీళ్లలో పెడితే కొన్ని వారాల్లో ఎర్రటి కొత్త వేర్లు వస్తాయి. అంటే గిఫ్ట్ ఇచ్చినవాళ్ల గుర్తు పోదు.

ఊరెళ్తుంటే ఏం చేయాలి?

సంక్రాంతికో, పిల్లల సెలవులకో రెండు మూడు వారాలు తాళం వేస్తే గిన్నెలో నీళ్లు అలాగే వదిలి వెళ్లొద్దు. తిరిగొచ్చేసరికి ఇంటినిండా దోమలుంటాయి. పక్కింటివాళ్లకు అప్పగించి, శుక్రవారం నీళ్లు మార్చమని చెప్పడం తేలిక. అది కుదరకపోతే మొక్కను మట్టి కుండీలోకి మార్చేయండి. అడుగున చిల్లు ఉన్న కుండీలో, నీళ్లు నిలవని గుల్ల మట్టిలో ఈ మొక్క నీళ్లలో కన్నా బాగా పెరుగుతుంది. వారానికోసారి నీళ్లు మార్చే ఓపిక లేనివాళ్లకు కూడా ఇదే సరైన దారి.

పిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే..

ఈ మొక్క ఆకులు పిల్లులకు, కుక్కలకు విషం. నమిలితే వాంతులు, చొంగ కారడం, నీరసం వస్తాయి. అందని ఎత్తులో పెట్టండి. గులకరాళ్ల బదులు వేసే రంగురంగుల జెల్ బంతులు కూడా చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. మింగితే కడుపులో ఉబ్బి ప్రాణాల మీదికి తెస్తాయి.

జ్వరం వస్తే మొక్కను కాదు, డాక్టర్‌ను చూడండి

ఉన్నట్టుండి తీవ్ర జ్వరం, తలనొప్పి, కళ్ల వెనక నొప్పి, ఒళ్లు నొప్పులు ఉంటే ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవాలి. సొంతంగా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవద్దు. డెంగీలో అవి రక్తస్రావం ముప్పు పెంచుతాయి. ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చిందంటే, ఆ రోజే ఇంట్లో నీళ్లున్న ప్రతి గిన్నెనూ ఒకసారి చూసుకోవాలి. రోగిని కుట్టిన దోమే ఇంకొకరికి అంటిస్తుంది.

అదృష్టం మూడు కాడల్లో ఉందా, ఎనిమిది కాడల్లో ఉందా అన్నది ఎవరి నమ్మకం వాళ్లది. గిన్నె గోడ మీద పీచు పడిందా లేదా అన్నది మాత్రం మన చేతిలో పని. ఈ శుక్రవారం మీ ఇంట్లో లక్కీ బ్యాంబూ గిన్నెను ఒక్కసారి వెలుతురుకు పెట్టి చూడండి. నీళ్లలో ఏదైనా కదులుతోందా?